టీపాయ్ పలక వంగితే జిగురుని తిట్టకండి

మీరు వేసవి సెలవుల్లో మూడు టేకు పలకలు ఫెవికాల్‌తో అతికించి, కింద అడ్డపట్టీలకి స్క్రూలు బిగించి టీపాయ్ చేశారు, ఆగస్టు వచ్చేసరికి పై బల్ల వంగింది, ఒక కాలి దగ్గర అతుకు విడింది, తప్పు జిగురుదా చెక్కదా అన్నది మీ ప్రశ్న. మన చెక్కపని గుంపులో మిగతావాళ్లం ఈ మధ్య ఏం చేస్తున్నామో కూడా అడిగారు, అది చివర్లో చెప్తాను.

జిగురు తప్పూ కాదు, చెక్క తప్పూ కాదు. విజయనగరంలో మీ ఇంట్లో వానాకాలం పట్టేసే తలుపు ఒకటి ఉండే ఉంటుంది, పెరటిదో స్నానాలగదిదో. ఏప్రిల్లో వేలితో తోస్తే తెరుచుకునే తలుపు ఆగస్టులో భుజం పెడితేగానీ కదలదు. మీ బల్లకీ అదే జరిగింది. తలుపు పట్టేయడానికి గుమ్మం ఉంది, మీ బల్లకి స్క్రూలు బిగించి మీరే గుమ్మం కట్టారు.

చెక్క గాలిలో తేమ తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఇది అందరికీ తెలుసు, కానీ ఎటు ఉబ్బుతుందన్నదే మనం పట్టించుకోం. పొడుగు వైపు దాదాపు కదలదు, కదలికంతా అడ్డానికే. అందులోనూ మాను గుండ్రటి వలయాల వెంబడి వచ్చే కదలిక, నడిబొడ్డు నుంచి బెరడు వైపు వచ్చే కదలికకి సుమారు రెండింతలు ఉంటుంది. మామూలు కోత పలకలు వంగడానికి ఇదే కారణం. టేకు చాలా బుద్ధిమంతురాలు, అయినా 18 అంగుళాల వెడల్పు బల్ల మే నెల ఎండకి ఒకలా, ఆగస్టు ముసురుకి ఒకలా ఉంటుంది, తేడా 5 మిల్లీమీటర్ల దాకా రావచ్చు. ఆ 5 మిల్లీమీటర్లకి చోటు ఇవ్వకుండా కింద అడ్డపట్టీలకి రెండు చివర్లా స్క్రూలు బిగించేస్తే బల్ల ఎటు పోవాలి? పైకి ఉబ్బుతుంది, లేదా కాలి అతుకుని లాగేస్తుంది. మీకు రెండూ జరిగాయి. ఇదే బల్ల వానల్లో చేసి ఉంటే వేసవిలో నిట్టనిలువునా పగిలేది, అది ఇంకా బాధ.

మీరు వంగింది అన్నారు గానీ ఎటు వంగిందో రాయలేదు. మధ్యలో బొజ్జలా లేచిందా, అంచులు లేచి దొన్నెలా గుంటపడిందా? బొజ్జయితే పైన చెప్పిన స్క్రూల కథే. దొన్నె అయితే ఇంకో అనుమానం ఉంది, పైన మెరవాలని నాలుగు కోట్లు పాలిష్ వేసి కింద వైపు ఎవరు చూస్తారులే అని ఖాళీగా వదిలేశారా? అప్పుడు కింద వైపు తేమ తాగి ఉబ్బుతుంది, పైవైపు ఉబ్బదు, అంచులు లేస్తాయి. కనబడని వైపు కూడా కనీసం రెండు కోట్లు పడాల్సిందే. నేను ఇది నేర్చుకోవడానికి ఒక దేవుడి పీట బలి ఇచ్చాను, దీపం కుంది నిలవక మా ఆవిడ దాని కింద మడతపెట్టిన కాగితం ముక్క పెట్టేది, నన్ను చూసి మరీ పెట్టేది.

నా సంగతి చెప్పాలి కదా. టెక్కలి దగ్గర బడిలో టీచర్ని, చెక్కపని ఆదివారాలకే. అత్తవారిది కవిటి వైపు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస ఎలా కూలాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మామయ్యగారి తోటలో ఆయన తండ్రి నాటిన పనస చెట్టు వేళ్లతో సహా ఒరిగింది. వంటచెరుక్కి పోనివ్వడం ఇష్టంలేక రెండు దుంగలు కోత మిల్లుకి తీసుకెళ్లి ఒకటిన్నర అంగుళం పలకలు కోయించాను. పచ్చి పనస పచ్చగా పసుపుకొమ్ములా ఉంటుంది, గోధుమరంగు తర్వాత ఎప్పటికో వస్తుంది. ఆ రంగు చూసిన సంతోషంలో ఇంటికి తెచ్చి రేకుల షెడ్డులో ఒకదాని మీద ఒకటి చక్కగా దొంతి పెట్టాను. రెండు నెలల తర్వాత చూస్తే పలకల మధ్య నల్లగా బూజు, చివర్లన్నీ కాకి పాదాల్లా పగుళ్లు. మా వీధి చివర వడ్రంగి తాత ఉన్నాడు, ఆయన్ని పిలిచి చూపించాను. "ఏటి మాస్టారూ ఇది, పిడకలు పేర్సినట్టు పేర్సీసినారు, మద్దిన బద్దలేవీ, గాలెలగ తగుల్తాది?" అన్నాడు. సగం పలకలు నిజంగానే వంటచెరుక్కి పోయాయి.

మిగిలిన సగం ఆయన చెప్పినట్టు ఆరబెట్టాను. ప్రతి పలకకీ పలకకీ మధ్య ఒకే మందం బద్దలు, అడుగు అడుగున్నరకి ఒకటి, పై వరస బద్ద కింద వరస బద్ద మీదే నిలువుగా రావాలి, లేకపోతే పలక ఊయలలా సాగిపోతుంది. పలకల చివర్లకి పాత పెయింటు పూయాలి, ఎందుకంటే తేమ చివర్ల నుంచి చాలా వేగంగా పోతుంది, అక్కడ ముందు ఆరి ముడుచుకుని పగులుతుంది. పైన బరువు రాళ్లు, నీడ, గాలి. అంగుళం మందానికి ఏడాది అని ఒక లెక్క చెప్తారు, అది మొదటి అంచనా మాత్రమే. నేను నమ్మేది వంటింటి డిజిటల్ త్రాసుని. అదే చెక్కలోంచి అదే మందం ముక్క ఒకటి, దాని చివర్లకీ పెయింటు పూసి, పలకల మధ్యే ఉంచి ప్రతి ఆదివారం తూచి గోడ మీద పెన్సిల్‌తో రాస్తాను, మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే అది మన గాలికి అలవాటు పడినట్టు. మనది సముద్రం గాలి, ఇక్కడ ఆరిన చెక్క హైదరాబాద్ ఫ్లాట్‌లోకి వెళ్తే ఇంకా ముడుచుకుంటుంది, కాబట్టి బంధువులకి బహుమతి ఇచ్చేముందు ఆ చోటు సంగతి కూడా ఆలోచించండి.

ఇప్పుడు మీ టీపాయ్. ముందు స్క్రూలన్నీ తీసేయండి. బల్లని గుంటపడిన వైపు కిందకి వచ్చేలా రెండు బద్దల మీద బోర్లించి రెండు వారాలు నీడలో వదిలేయండి, చాలాసార్లు తనంతట తనే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోలేదని ఇప్పుడే చిత్రిక పట్టి చదును చేయకండి, దయచేసి. ఉబ్బి ఉన్న చెక్కని ఇప్పుడు చదును చేస్తే వేసవిలో అది ఇంకోవైపు తిరుగుతుంది, అప్పుడు మళ్లీ చిత్రిక, చివరికి టీపాయ్ పలక అప్పడం అవుతుంది. సంక్రాంతి వెళ్లాక ముట్టుకోండి. మళ్లీ బిగించేటప్పుడు అడ్డపట్టీలో నడిమధ్య ఒక్క స్క్రూ గట్టిగా, చివర్లవి మాత్రం గుండ్రటి రంధ్రం కాకుండా బల్ల వెడల్పు వైపు 8, 10 మిల్లీమీటర్లు సాగదీసిన పొడుగు రంధ్రంలో వాషర్‌తో, బల్ల జరగడానికి వీలుండేలా, మరీ బిగించకుండా. ఓపిక ఉంటే స్క్రూ బదులు పట్టీలో గాడి తీసి చిన్న చెక్క నాలుకలు పెట్టండి, నాలుక బల్లకి బిగుస్తుంది, కొస గాడిలో జరుగుతుంది. నేను రెండోదే చేస్తున్నాను, నా మొదటి నాలుకలు మరీ బిగువుగా చేశాను, అవీ స్క్రూల్లాగే పట్టేశాయి, చెప్తే నవ్వకండి. విడిన కాలి అతుకులో పాత జిగురు పూర్తిగా గీకేయండి. ఎండిన ఫెవికాల్ మీద కొత్త ఫెవికాల్ పట్టదు, బెజ్జంలో దూరే కుసికి చెక్క తగలాలి.

ఈ మధ్య చేసినవి అంటే, ఆ పనసతోనే ఈ సంక్రాంతికి మా అమ్మాయికి వామనగుంటల పీట చేశాను. ఏడేసి గుంటలు రెండు వరసలు, మొత్తం పద్నాలుగు. మొదటి గుంట లోతు ఎక్కువై చింతపిక్కలు తీయడానికి వేళ్లు దూరక, అప్పుడు డ్రిల్లు బిట్టుకి కావలసిన లోతులో టేపు చుట్టి మధ్యలో తొలిచి, ఆ తర్వాతే వంపు ఉలి పట్టాను. ఉలి ఎప్పుడూ అంచు నుంచి అడుక్కి దిగాలి, అడుగు నుంచి అవతలి అంచుకి ఎక్కిస్తే నార లేచిపోతుంది, అవతల నుంచి మళ్లీ దిగాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండి వీణ ఇదే పనసతో, మొత్తం ఒకే దుంగలో తొలుస్తారు. పద్నాలుగు గుంటలకే నా మణికట్టు పట్టేసింది, ఆ పని చేసేవాళ్లకి దండం పెట్టాలి.

చెదలు రావని ఎవరో చెప్తే ఆ పీట అడుగుకి జీడిపిక్కల తొక్కనూనె కూడా రాశాను, పడవలకి పూస్తారు కదా అని. పడవల వాళ్లకి తెలిసిన జాగ్రత్త నాకు తెలీదు. గ్లౌజులు లేకుండా గుడ్డతో రుద్దాను, వారం రోజులు వేళ్ల మధ్య బొబ్బలు, బడిలో బోర్డు మీద రాయలేక పిల్లల చేత రాయించాను. పిల్లలు చేత్తో ముట్టే వస్తువు మీద అది వద్దు, అడుగంతా గీకేసి అవిసె నూనె పట్టించాను, అవిసె నూనె గుడ్డలు కూడా ఉండలా చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి తీగ మీద ఆరేయండి.

మీ బల్ల అడుగు ఫొటో ఒకటి పెట్టండి, స్క్రూలు ఎక్కడెక్కడ పడ్డాయో చూసి ఏ రంధ్రం సాగదీయాలో చెప్తాను.