543 మందిలో మన ఎంపీ మాట ఎవరు వింటారు?

మీరు అడిగినవి రెండు. లోక్‌సభలో అంతమంది మధ్య మన ఎంపీ మన తరఫున నిజంగా ఏమైనా చేయగలడా? స్పీకర్ అందరివాడా, అధికార పార్టీ మనిషా? ఒక ఎంపీ గారి ఢిల్లీ ఆఫీసులో కొన్నాళ్లు పనిచేశాను. సభలో అడిగే ప్రశ్నలు రాయడం, నోటీసులు పంపడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సభలో పార్టీకి ఉన్న సీట్లను బట్టే మాట్లాడే టైమ్ దొరుకుతుంది. 8 గంటల చర్చ అనుకోండి. లెక్క ప్రకారం 16 మంది ఉన్న పార్టీకి 14 నిమిషాలు వస్తాయి, నలుగురే ఉన్న పార్టీకి మూడున్నర. అందులోనూ ఎవరు మాట్లాడాలో పార్టీ నాయకుడే తేలుస్తాడు. కొత్త ఎంపీ పేరు జాబితా చివర్లో ఉంటుంది. అతని వంతు వచ్చేసరికి రాత్రవుతుంది, బెంచీలు సగం ఖాళీగా ఉంటాయి. రెండు నిమిషాలు కాగానే బెల్లు మోగుతుంది. మేం రాత్రంతా కూర్చుని రాసిన ప్రసంగంలో మొదటి పేజీ దాటితే గొప్పే.

ఆ సీట్లయినా ఓట్లకు తగ్గట్టు వస్తాయా అంటే, రావు. ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి దాదాపు 40 శాతం ఓట్లు పడితే 25లో 3 సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్‌సీపీకి కూడా దాదాపు 40 శాతమే, సీట్లు 4. అదే ఏడాది తెలంగాణలో బీఆర్ఎస్‌కు 17 శాతం దాకా ఓట్లొచ్చినా 17 సీట్లలో ఒక్కటీ రాలేదు. ఎవరి అభిమానులు ఏ ఏడాది బాధపడాలన్నదే తేడా. పద్ధతి మాత్రం మారలేదు.

ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్న వాటాలు ఇప్పటికీ 1971 జనాభా లెక్కల మీదే నడుస్తున్నాయి. వాటిని మార్చడం 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఆపారు, 2001లో 84వ సవరణతో ఆ గడువు పెంచారు. 2008లో మారింది నియోజకవర్గాల హద్దులే. అప్పుడు గీసిన మల్కాజిగిరిలో 2024 నాటికి ఓటర్లు 37 లక్షలు దాటారు. లక్షద్వీప్‌లో 60 వేల మంది కూడా లేరు. అదెంత చిన్నదైనా ఒక సీటు ఇవ్వక తప్పదు కాబట్టి దాని సంగతి వేరు. కానీ 37 లక్షల మందికి ఒకే ఎంపీ అంటే, ఆయన ఆఫీసులో ఉత్తరాలు విప్పేవాళ్ల కష్టం నాకు తెలుసు. ఎస్సీలకు 84, ఎస్టీలకు 47 సీట్లు కేటాయించారు. మహిళలకు మూడో వంతు ఇవ్వాలని 2023లో రాజ్యాంగ సవరణ చేశారు గానీ, దాన్ని జనాభా లెక్కలకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. 2024లో గెలిచిన మహిళలు 74 మంది.

ఓటింగ్‌లో ఎంపీకి సొంత గొంతు ఇంకా తక్కువ. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ (ఇలా ఓటేయమని పార్టీ ఇచ్చే ఆదేశం) కాదని ఓటేస్తే సభ్యత్వానికే ఎసరు. కాబట్టి బిల్లు మీద ఎంపీకి ఎంత ఫోన్ చేసినా లాభం లేదు.

మరి ఎక్కడ లాభం? ప్రశ్నల్లో. వీటికి పార్టీ బలంతో పని లేదు. సభ్యుడు ఒక రోజుకు 5 ప్రశ్నల దాకా వేయొచ్చు, అందులో ఒకటి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పే స్టార్ ప్రశ్న కావచ్చు. రోజుకు 20 స్టార్ ప్రశ్నలుంటాయి, వరస లాటరీలో తేలుతుంది. గంటలో అయిదారు జరిగితే ఎక్కువ. మా ప్రశ్న పదిహేనో స్థానంలో పడిందంటే ఇక ఆశ వదులుకునేవాళ్లం. అయినా రాతపూర్వకంగా జవాబు వస్తుంది, అదే అసలు సరుకు.

కిటుకంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. ‘మా రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఎప్పుడు పూర్తవుతుంది?’ అని అడిగితే ‘పనులు పురోగతిలో ఉన్నాయి’ అని ఒక ముక్క రాసి పడేస్తారు. మేం దాన్నే విడగొట్టేవాళ్లం: మంజూరు ఏ సంవత్సరం, ఇప్పటిదాకా విడుదలైన సొమ్ము ఎంత, రాష్ట్రం వాటా జమ అయిందా, సేకరించాల్సిన భూమి ఇంకా ఎంత ఉంది. అప్పుడు అంకెలు ఇవ్వక తప్పదు. ఒక్కోసారి ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ అంటారు. తప్పించుకున్నారనే అనుకుంటాం గానీ, అది సభకు ఇచ్చిన హామీ కింద నమోదవుతుంది. దాని వెంటపడటానికే హామీల కమిటీ ఉంది.

ఇక స్పీకర్. పార్టీ టికెట్ మీద గెలిచినవారే, మెజారిటీ ఉన్నవాళ్లు ఎన్నుకున్నవారే. 1967లో స్పీకర్ అయ్యాక నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు గానీ, అలా చేయాలన్న రూలేమీ లేదు. నేను చూసినంతలో అధికార పక్షం వైపు మొగ్గు ఉంటుంది. ఎవరిని ముందు పిలవాలి, వాయిదా తీర్మానం (మిగతా పని ఆపి అత్యవసర విషయం చర్చించాలని అడిగేది) ఒప్పుకోవాలా వద్దా, ఇవన్నీ ఆయన ఇష్టం. అయినా 1999 ఏప్రిల్ 17ను మర్చిపోలేం. వాజ్‌పేయి ప్రభుత్వానికి విశ్వాస పరీక్ష. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, ఎంపీ పదవి మాత్రం వదల్లేదు. ఆయన ఓటేయొచ్చా అన్నది వివాదం. స్పీకర్ స్థానంలో అమలాపురం ఎంపీ బాలయోగి గారు. ఆయన పార్టీ తెలుగుదేశం, అది ప్రభుత్వం వైపే ఉంది. అయినా నిర్ణయం గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటేశారు, ప్రభుత్వం 269-270తో పడిపోయింది. ఆ ఓటు లేకపోతే సమానమై, తీర్పు స్పీకర్ ఓటు మీదే పడేది.

మీ ఎంపీ సంగతి తెలియాలంటే టీవీలో అరుపులు చూడకండి. సంసద్ వెబ్‌సైట్‌లో ఆయన పేరు కొట్టి, వేసిన ప్రశ్నలు తెరవండి. అందులో మీ ఊరి రోడ్డో రైలో ఉందా, జవాబు కింద జిల్లాల వారీ పట్టిక ఉందా చూడండి. లేకపోతే పైన చెప్పినట్టు నాలుగు ముక్కలుగా ప్రశ్న రాసి ఆయన ఆఫీసుకు మెయిల్ చేయండి. సమావేశాలకు ముందు ప్రశ్నలు దొరక్క అక్కడి కుర్రాళ్లు తలలు పట్టుకుని ఉంటారు, సిద్ధంగా ఉన్నది వస్తే వదులుకోరు. నోటీసుకు కనీసం 15 రోజులు కావాలి, కాబట్టి ముందే పంపండి.