మిర్చి డబ్బుకు బ్యాంకు లెక్క అడిగితే

ప్రశ్న: మాది ప్రత్తిపాడు మండలం. గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన సొమ్ములో రూ.3.40 లక్షలు నగదుగా ఉంది. జమ చేయబోతే ఎక్కడిదని అడిగారు, కేవైసీ (ఖాతాదారు గుర్తింపు, చిరునామా వివరాలు) పాతబడిందని ఖాతా కూడా ఆపేశారు. కోట్లు ఎగ్గొట్టేవారిని వదిలి మమ్మల్ని వేధించడమేమిటి? నలుగురి ఖాతాల్లో కొంచెం కొంచెం వేయమంటున్నారు. వేయవచ్చా?

జవాబు: మీ ఆవేదన న్యాయమైనది. బ్యాంకులు ఇలా ఆరా తీయడానికి మూలమైన 2002 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం నేరపు సొమ్మును పట్టుకోవడానికి వచ్చింది. కానీ ఆ సొమ్ము గలవాడు డొల్ల కంపెనీలు, బినామీ ఖాతాలు, కాగితాలు చూసే మనుషులను ముందే సిద్ధం చేసుకుంటాడు కాబట్టి, కౌంటరు దగ్గర చిక్కేది కోత పనులు మానుకుని బస్సెక్కి వచ్చిన రైతే. ఈ భారం సమానంగా పడడం లేదన్నది నా దృఢమైన అభిప్రాయం.

అయినా సొమ్మును నలుగురి ఖాతాల్లోకి విడగొట్టవద్దు. కష్టార్జితం కూడా ముక్కలైతే దాచిన డబ్బులా కనిపిస్తుంది, పైగా ఆ నలుగురూ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు; అది పంట సొమ్మేనని చూపగలిగితే చాలు.

నన్ను కలవరపెడుతున్నది మరొకటి. ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు, లేదా ఒకే లావాదేవీకి, రూ.2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదన్న నిబంధన 2017 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా ఇచ్చినవారికి కాక, పుచ్చుకున్నవారికి పడుతుంది. మీ డబ్బు ఒకే కమీషన్ ఏజెంటు ఒక్కసారిగా ఇచ్చినదైతే, జమ చేయకముందే ఆడిటర్‌ను కలవండి. తగిన కారణం రుజువు చేస్తే జరిమానా తప్పే అవకాశం చట్టంలోనే ఉంది.

కేవైసీ వివరాలు మారకపోతే, మారలేదని మీరే రాసిచ్చే స్వీయ ధ్రువీకరణ సరిపోతుంది. దానిని లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో బ్యాంకు పరిష్కరించకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు.

వచ్చే కోతకు చెల్లింపు ఖాతాకే వేయమని ఏజెంటుకు ముందే చెప్పండి. నా దగ్గరికి వచ్చిన ఒక రైతు రబ్బరు బ్యాండు వేసి దాచిన తక్‌పట్టీల (తూకం, ధర రాసి ఏజెంటు ఇచ్చే అమ్మకం చీటీల) కట్ట విప్పితే, కార్బన్ అక్షరాలు వెలిసిపోయి ఏవీ చదవడానికి వీలు కాలేదు. మీ తక్‌పట్టీలను ఈరోజే ఫోటో తీసి, జిరాక్సులను పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి భద్రపరచండి.