రెక్క దొరికిందా, ఈక దొరికిందా?

సందేహం: వసంతం మొదలైన దగ్గర్నుంచి మా ఇంటి వెనక పిట్టల సందడి ఎక్కువైంది. మొన్న మొక్కలకు నీళ్లు పోస్తుంటే అరచేతి పొడవున ఒకటి దొరికింది. కొస వైపు నలుపు, మొదలు వైపు తెలుపు. ఫోటో తీసి, ‘పెరడులో ఒక పక్షి రెక్క దొరికింది’ అని రాసి తెలిసినవాళ్లకు పంపాను. ‘రెక్క కాదు, ఈక’ అని ఒకరు, ‘పెరడులో కాదు, పెరట్లో’ అని ఇంకొకరు, ‘దాన్ని పింఛం అంటారు’ అని మరొకరు దిద్దారు. వీటిలో ఏది ఒప్పు? పనిలో పనిగా అది ఏ పిట్టదో కూడా చెప్పగలరా?

సమాధానం: మిమ్మల్ని దిద్దిన ముగ్గురిలో ఇద్దరు ఒప్పు, మూడో ఆయన తప్పు. పిట్ట సంగతి చివర చెబుతాను. ముందు రెక్క.

రెక్క అంటే ఎముక, కండ, వాటి మీద వరసగా అమరిన ఈకలు, అన్నీ కలిసిన అవయవం. ‘పక్షి రెక్క దొరికింది’ అని చదివినవాళ్లు ముందు అయ్యో పాపం అనుకుంటారు, ఆ పక్షికి ఏమైందోనని టెన్షన్ పడతారు. మీకు దొరికింది ఆ వరసలోంచి రాలిన ఒక్క ఈక. ఈ తడబాటు మీ ఒక్కరిదే కాదు. ‘ఆమె టోపీకి రెక్క తగిలించుకుంది’ అనే వాక్యం ఒక అనువాదంలో చదివి, ఆ టోపీ ఎగిరిపోలేదు కదా అనుకున్నాను.

అసలు ఎందుకు తడబడతాం? తెలుగులో రెక్క బాగా చేతులు చాచిన మాట. పూరెక్క, తలుపు రెక్క, ఫ్యాను రెక్క, రెక్కాడితేగాని డొక్కాడదు అన్నప్పుడు మనిషి చెయ్యి, ఇవన్నీ రెక్కలే. ఒక అంచు దగ్గర అతుక్కుని, అవతలికి పలచగానో పొడుగ్గానో చాచుకుని ఉండేదల్లా తెలుగువాడి కంటికి రెక్కలా కనిపిస్తుంది. పువ్వునుంచి రాలిన రేకును రెక్క అన్న నోటికి, పిట్టనుంచి రాలిన ఈకను రెక్క అనాలనిపించడంలో వింతేమీ లేదు. పైగా ఇరుగుపొరుగు భాషలు కూడా ఈ రెండిటినీ కలిపేస్తాయి. తమిళంలో ఇఱగు అంటే ఈకా అవుతుంది, రెక్కా అవుతుంది. మన పాత తెలుగులో రెక్కకున్న ఎఱక అనే పేరు ఆ కుటుంబంలోదే. రెక్కను కూడా పూర్వం బండి ఱతో ఱెక్క అని రాసేవారు. మొదట ఉండే అచ్చు పక్కకు జరిగి, లోపలి హల్లు ముందుకు రావడం తెలుగుకు అలవాటు. తమిళం ఇరండు మనకు రెండు అయింది, ఇరవు రేయి అయింది. రెక్కదీ అదే దారి.

సంస్కృతంలోనూ అంతే. పత్రం అంటే ఆకు, రెక్క, ఈక, ఉత్తరం కూడా. ఎగరడం, పడడం అనే అర్థాలున్న ‘పత్’ ధాతువునుంచి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టనివ్వండి. మనం జేబులో పెట్టుకునే పెన్నుకు మూలం ‘పెన్నా’ అనే లాటిన్ మాట. దానికి అర్థం ఈక, ఎందుకంటే ఒకప్పుడు ఈక కాడను చెక్కి, సిరాలో ముంచి రాసేవారు. ఆ పెన్నా, మన పత్రం ఒకే పాత ధాతువుకు పుట్టిన బిడ్డలు. పత్రం మీద పెన్నుతో రాయడమంటే ఈక మీద ఈకతో రాయడమే!

ఇక పింఛం. ఇది నెమలికి రాసిచ్చిన మాట. కాకి పింఛం, పావురం పింఛం అనరు. నెమలి పురి విప్పినప్పుడు కనిపించే పొడవాటి ఈకల మొత్తాన్నీ పింఛం అనవచ్చు, అందులో ఒక్కదాన్నీ అనవచ్చు. కృష్ణుణ్ణి శిఖిపింఛమౌళి అంటాం. ఆయన తలమీద ఉండేది నెమలి మొత్తం పురి కాదు కదా. కానీ నెమలి ఒంటి మీద ఉన్నవన్నీ పింఛాలు కావు. రెక్కలోంచి రాలిన గోధుమరంగు ఈక నెమలిదే అయినా దాన్ని ఈక అనే అనాలి. ఆడనెమలికి ఈకలుంటాయి, పింఛం ఉండదు. ఇంకో తమాషా ఏమిటంటే, మనం నెమలి తోక అనుకునేది తోక కాదు. దాదాపు 200 ఉండే ఆ కళ్ల ఈకలు వీపు చివర, తోకకు పైన మొలుస్తాయి. అసలు తోక వాటి కింద 20 పొట్టి ఈకలతో, పురికి ఊతకర్రలా నిలబడి ఉంటుంది. అంటే తోకనుంచి వేరుచేసి పింఛం, పురి అని విడిగా పేర్లు పెట్టుకున్న భాష బాగానే గమనించిందన్నమాట. రాసేటప్పుడు ఛకు ఒత్తు మరిచిపోకండి. పింఛనుకూ దీనికీ చుట్టరికం లేదు, అది ఇంగ్లీషునుంచి దిగింది.

మెత్తటి, చిన్న ఈకలకు నూగు అనే మాట చక్కగా సరిపోతుంది. నూగుమీసాల్లోని నూగే ఇది. కోడి విషయంలో మాత్రం వాడుకలో బొచ్చు అంటారు. హంసతూలికా తల్పం చూసి తూలిక అంటే ఈక అనుకుంటారు కొందరు. తూలం అంటే దూది. హంస ఒంటిమీది దూదిలాంటి నూగుతో చేసిన పాన్పు అని ఆ మాటకు అర్థం. మీకు దొరికినలాంటి గట్టి ఈకలతో పరుపు కుడితే తెల్లారేసరికి ఒళ్లంతా గీరుకుపోతుంది.

మీ ఈకను ఒకసారి మళ్లీ చేతిలోకి తీసుకోండి. నడుమ ఉన్న గట్టి పుల్లను ఆకుకు అన్నట్టే ఈనె అనండి, ఎవరికైనా తెలుస్తుంది. కింద బోలుగా, నున్నగా ఉన్న భాగం కాడ. ఈనెకు రెండు పక్కలా సన్నటి పోగులు. రెండు పోగుల మధ్య గోటితో చీల్చి, వేళ్ల మధ్య పట్టి కిందనుంచి పైకి ఒకసారి నిమరండి. చీలిక అతుక్కుపోతుంది. పోగులకు కంటికి కనిపించనంత చిన్న కొక్కేలుంటాయి, అవి జిప్పులాగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పిట్ట ముక్కుతో గంటల తరబడి ఒళ్లు దువ్వుకునేది ఇందుకే. నూగుకు ఆ కొక్కేలు లేవు, అందుకే విచ్చుకుని ఉంటుంది.

ఈనెకు రెండు పక్కలా వెడల్పు సమానంగా ఉందా, చూడండి. ఒక పక్క బాగా సన్నగా, రెండో పక్క వెడల్పుగా ఉంటే అది రెక్క కొస ఈక. సన్న అంచు గాలిని కోసుకుంటూ ముందు వైపు ఉంటుంది. రెండు పక్కలా సమానంగా ఉంటే తోక నడిమి ఈక కావచ్చు. దాని కొస బిరుసుగా, మొనదేలి ఉంటే వడ్రంగిపిట్టను అనుమానించండి, అది చెట్టు బోదెకు తోక ఆనించి నిలబడుతుంది. ముందు అంచు దువ్వెన పళ్లలా ఉండి, పైన మఖమల్‌లా తగిలితే గుడ్లగూబది. అది చప్పుడు లేకుండా ఎగరగలిగేది అందుకే. నీలం ఈక దొరికితే వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి, నీలం మాయమై గోధుమరంగు మిగులుతుంది. నీలం అక్కడ రంగు పదార్థం కాదు, ఈకలోని సన్నటి నిర్మాణం వెలుగుతో చేసే పని.

క్రియ విషయంలో కూడా జాగ్రత్త. పాతబడ్డ ఈకలను పిట్టలు తమంతట తామే వదిలేస్తాయి. అప్పుడు ఈక రాలింది అనాలి. చాలా పిట్టలు ఒకటీ అరా చొప్పున రాలుస్తాయి, లేకపోతే ఎగరడం కుదరదు. ఒకేచోట కుప్పగా పడి ఉంటే అక్కడ రాలింది అనకూడదు, పీకింది అనాలి. డేగలాంటిది పీకితే కాడలు చాలావరకు మొత్తంగా ఉంటాయి, పిల్లి నోట పడితే కొరికినట్టు తెగి ఉంటాయి. వసంతంలో ఈకలు తిరగడానికి ఇంకో కారణమూ ఉంది. పిచ్చుకలు గూటి అడుగున మెత్తగా పరుచుకోవడానికి ఎక్కడెక్కడి ఈకలో ముక్కున కరుచుకుపోతుంటాయి. కాబట్టి పిచ్చుక గూటికింద దొరికిందని అది పిచ్చుక ఈక అయిపోదు.

గూటికింద అన్నాను, గూడుకింద అనలేదు, గమనించారా? పెరడుదీ ఇదే సంగతి. పెరడు, గూడు, నోరు, ఏరు లాంటి మాటలకు విభక్తి చేర్చేముందు చివరి అక్షరం ‘టి’గా మారుతుంది. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. పెరటిలో అన్నదే నోట్లో నలిగి పెరట్లో అయింది. అన్ని మాటలకూ ఇలా జరగదు గానీ, పెరడుకు జరుగుతుంది.

ఆ పెరట్లో తిరిగేవాటిని మీరు పక్షి అనడం తప్పు కాదు గానీ, నా చెవికి పిట్టే బాగుంటుంది. చిన్నవి గనక పిట్టలు. ఆ మాటకున్న గౌరవం కూడా తక్కువదేమీ కాదు. 1816లో ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త వియ్యో ఒక ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన పక్షుల గుంపుకు, పిట్ట అనే పేరే పెట్టాడు. అది మన తెలుగు మాటే, ఇప్పటికీ శాస్త్రనామంగా చెలామణి అవుతోంది.

ఇక మీ ఈక. మాటలతో పని చేసేవాణ్ణి, పక్షుల శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. అయినా కొస నలుపు, మొదలు తెలుపు, అరచేతి పొడవు అంటున్నారు గనక ముందుగా గోరింక వైపు చూడమంటాను. కాకిదైతే ఇంకా పెద్దది, తెలుపు ఉండదు. గోరింక నేలమీద నడిచేటప్పుడు ఆ తెలుపు అంతగా తెలియదు. చప్పట్లు కొట్టకుండా కాసేపు ఆగి, అది లేచే క్షణం చూడండి. రెండు రెక్కల మీదా తెల్లటి మచ్చ ఒక్కసారి విచ్చుకుంటుంది. అలా విచ్చుకుంటే, ఆ మచ్చలోని ముక్కే మీ చేతిలో ఉన్నది.