రెండు ర్యాకులు, మూడు నకళ్ళు: సెఫ్ పీజీలు రీమ్యాప్డ్‌లో ఎందుకు నిలిచిపోయాయి

నియమం మార్చాక పీజీలు (ప్లేస్‌మెంట్ గ్రూపులు, అంటే డేటాను విభజించి ఉంచే గుంపులు) రీమ్యాప్డ్‌లోనే ఎందుకు ఆగిపోయాయని అడిగారు. మీ సెఫ్ (డేటాను చాలా సర్వర్ల డిస్కుల్లో పంచి దాచే వ్యవస్థ) క్లస్టర్‌లో పాడైనదేమీ లేదు, లెక్క కుదరలేదు అంతే. పూల్‌కు (ఒకే నియమాలతో డేటా దాచే విభాగానికి) మూడు నకళ్ళు అడిగి, ఏ నకలు ఎక్కడ ఉండాలో తేల్చే క్రష్ నియమంలో హోస్టుకు (ఒక్కో సర్వరుకు) బదులు ర్యాకు (సర్వర్లు పేర్చిన అర) పెట్టారు. ఆ నియమం ఒక్కో నకలుకు ఒక్కో ర్యాకు వెతుకుతుంది. మీకున్నవి రెండే. మూడోదానికి చోటు దొరక్క పీజీలు రీమ్యాప్డ్ స్థితిలోనే (నియమం చెప్పిన చోటికి చేరక తాత్కాలికంగా వేరే డిస్కుల మీదే) ఉండిపోయాయి. ఎన్ని రోజులు ఎదురుచూసినా కదలవు.

ముందు పూల్‌ను పాత నియమానికి తిప్పండి. తర్వాత విడిగా కొత్త నియమం రాయండి: మొదటి అడుగులో రెండు ర్యాకులు ఎంచుకోవాలి, రెండో అడుగులో ఒక్కో ర్యాకులో రెండేసి హోస్టులు. అప్పుడు ఒక ర్యాకులో రెండు నకళ్ళు, మరోదానిలో ఒకటి పడతాయి. అమలు చేసే ముందు నియమాన్ని ముందే పరీక్షించే క్రష్‌టూల్ అనే సాధనంలో నకళ్ళ సంఖ్య 3 ఇచ్చి పరీక్షించండి. చెడ్డ మ్యాపింగు (అడిగినన్ని నకళ్ళకు చోటు దొరకనిది) ఒక్కటి కూడా కనిపించకూడదు. (ఈ పని వాయిదా వేసి నేనొకసారి రాత్రంతా జాగారం చేశాను.) డేటా తరలింపును ఆపి ఉంచే నోరీబ్యాలెన్స్ జెండా పెట్టి నియమం మార్చి, రద్దీ తగ్గాక జెండా తీయండి.

ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. రెండు నకళ్ళున్న ర్యాకు పడిపోతే, మిన్‌సైజ్ (పీజీ పనిచేయడానికి ఉండాల్సిన కనీస నకళ్ళు) 2 కాబట్టి ఆ పీజీలు ఆగిపోతాయి. అలాగని దాన్ని 1కి దించకండి. డిస్కుల్లో చోటుంటే, ఒక్కో ర్యాకులో రెండేసి పడేలా నకళ్ళను 4 చేయండి.