క్రాక్ అన్నా ఫ్రాక్చరేనండి, రిపోర్టులో చూడాల్సిన మాట వేరే

స్నానాలగదిలో జారిపడిన మీ అమ్మగారి మణికట్టు రిపోర్టులో ‘డిస్‌ప్లేస్డ్ కొలీస్ ఫ్రాక్చర్’ అని ఉందన్నారు. చుట్టాలేమో ‘క్రాకే కదా, కట్టు కట్టిస్తే సరి’ అంటున్నారట. క్రాక్‌కీ ఫ్రాక్చర్‌కీ తేడా ఏమిటని మీ ప్రశ్న.

తేడా లేదు. వెంట్రుకంత బీట పడినా ఫ్రాక్చరే, నాలుగు ముక్కలైనా ఫ్రాక్చరే. మీరు చూడాల్సింది దాని ముందున్న ‘డిస్‌ప్లేస్డ్’ని. విరిగిన ముక్క ఉన్నచోటు నుంచి జరిగిందని దానర్థం. జరగకపోతే ‘అన్‌డిస్‌ప్లేస్డ్’ అని రాస్తారు, దాన్ని కదలకుండా ఉంచితే చాలావరకు అతుక్కుంటుంది. జరిగిన ముక్కను మాత్రం ముందు సరిచేసి, ఆ తర్వాతే కట్టు వేయాలి. సరిచేయకుండా కట్టినా ఎముక అతుక్కుంటుంది, కాకపోతే వంకరగా. దాన్నే మాల్‌యూనియన్ అంటారు.

ఈ విరుపును 1814లో ఐర్లండు సర్జన్ అబ్రహాం కొలీస్ వర్ణించాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు, చేతి వాలకం చూసే చెప్పాడు. పడుతూ పడుతూ అరచెయ్యి నేలకు ఆనిస్తాం. ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక కీలుకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల పైన విరిగి, చివరి ముక్క చేతి వెనకవైపుకి లేస్తుంది. పక్కనుంచి చూస్తే బోర్లా పెట్టిన ఫోర్కులా ఉంటుంది. వేళ్ళు కదులుతున్నాయి కాబట్టి విరగలేదనుకోవడం శుద్ధ పొరపాటు. వేళ్ళను కదిపే కండరాలు ముంజేతిలో ఉంటాయి, ఎముక విరిగినా అవి పనిచేస్తాయి.

మత్తిచ్చి, చెయ్యి లాగి, ముక్కను కూర్చోబెడతారు. వాపు పెరిగే మొదటి రోజుల్లో చుట్టూ మూసే పిండికట్టు కాకుండా ఒకవైపు తెరిచుండే స్లాబ్ మేలు. అది అరచేతి గీత దగ్గరే ఆగాలి. పిడికిలి పూర్తిగా ముడవలేకపోతే కట్టు పొడుగైనట్టే, వెంటనే కత్తిరించమనండి. చెయ్యి గుండెకన్నా ఎత్తులో ఉంచి, మొదటిరోజు నుంచే వేళ్ళు, మోచెయ్యి, భుజం ఆడించాలి. చాలామంది చెయ్యి మెడకు వేలాడేసుకుని కూర్చుంటారు, ఆరు వారాలకు మణికట్టు బాగుపడుతుంది గానీ భుజం బిగుసుకుపోతుంది.

కూర్చోబెట్టిన ముక్క మళ్ళీ జారడం మామూలే. వాపు తగ్గి కట్టు వదులైతే లోపల ఎముక నిలవదు. అందుకే వారానికోసారి చొప్పున మొదటి రెండు వారాలు ఎక్స్‌రే తీయించాలి. మూడు వారాలు దాటితే లాగి సరిచేయడం కష్టం. రిపోర్టులో ‘ఇంట్రా ఆర్టిక్యులర్’ అని కూడా ఉంటే విరుపు కీలు లోపలికి వెళ్ళిందన్నమాట. అక్కడ మెట్టులా 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఆపరేషన్ చేసి ప్లేటు వేయడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. వదిలేస్తే తర్వాత కీలు అరుగుతుంది.

పుత్తూరు కట్టు పేరు తెలుగువాళ్ళలో విననివారు అరుదు. ఎవరు కట్టినా, వెదురుబద్దలైనా పిండికట్టైనా, బిగుతు పనికిరాదు. మాత్ర వేసినా నొప్పి పెరుగుతుంటే, వేళ్ళు తిమ్మిరెక్కితే, ఇంకొకరు వేళ్ళను మెల్లగా చాపితే భరించలేకపోతే, తెల్లారేదాకా ఆగొద్దు. లోపలి దూదితో సహా చర్మం కనిపించేదాకా కట్టు చీల్పించాలి. రక్తం అందక కండరం చచ్చిపోవడానికి కొన్ని గంటలు చాలు. పిల్లలకు మోచేతి పైన విరిగినప్పుడు ఇలా జరిగితే వేళ్ళు జీవితాంతం కొక్కేల్లా ముడుచుకుపోతాయి.

‘కీలు తప్పింది’ అనే మాట మరో తలనొప్పి. బెణుకుకూ అదే, విరుపుకూ అదే వాడతారు. బెణుకు అంటే ఎముకల్ని కలిపే లిగమెంటు సాగడం లేదా తెగడం. కీలు తప్పడం అంటే డిస్‌లొకేషన్, ఎముక కొస గూట్లోంచి బయటికి రావడం. ఏదో తేల్చుకోకుండా చెయ్యి పట్టి లాగేవాళ్ళను దగ్గరికి రానీయకండి.

నిలబడ్డ ఎత్తునుంచి పడితేనే విరిగింది కాబట్టి అమ్మగారికి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తప్పకుండా చేయించండి. ఎముక పలచబడిందని తేలితే ఇప్పుడే మందులు మొదలుపెట్టాలి, మణికట్టు తర్వాత విరిగేది తుంటి కావచ్చు.

కట్టు విప్పాక మణికట్టు బిగుసుకుని ఉండటం సహజం. కానీ ఉన్నట్టుండి బొటనవేలు పైకి లేవకపోతే అది నీరసం కాదు, దాన్ని ఎత్తే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు, టెండన్) ఎముక మీద రాసుకుని తెగిపోయింది. ముక్క జరగని విరుపుల్లోనే ఇది ఎక్కువ. వ్యాయామంతో నయం కాదు, చేతి సర్జన్‌కి చూపించాల్సిందే.