కంపెనీలే రేసింగ్ మానేస్తుంటే మా అబ్బాయి భవిష్యత్తు ఏమిటి?

ప్రశ్న: మాది హిందూపురం. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్ నుంచీ మోటోజీపీ, అంటే ప్రపంచ స్థాయి బైక్ రేసుల పిచ్చి. ఆ రేసుల్లో పాల్గొనే జట్టులో ఇంజనీరు కావాలన్నది వాడి పట్టుదల. బీటెక్ అవ్వగానే ఇంగ్లండ్ వెళ్లి మోటార్‌స్పోర్ట్‌లో ఎంఎస్ చేస్తానంటున్నాడు. అందుకు మేం ఇంటి స్థలం అమ్మి, మిగతాది లోన్ తీసుకోవాలి. సుజుకీ అంతటి కంపెనీయే ఈ రేసుల నుంచి తప్పుకుందని, కేటీఎం దివాలా అంచుదాకా వెళ్లిందని ఈమధ్యే తెలిసింది. కంపెనీలే నిలబడని చోట మావాడు ఎలా నిలబడతాడు? వద్దని గట్టిగా చెప్పినందుకు రెండు రోజులు మాతో మాట్లాడలేదు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, ముందు సూటిగా చెబుతాను. స్థలం అమ్మకండి. అలాగని అబ్బాయిని ఈ దారి మానుకోమని కూడా అనకండి. మీ భయంలో నిజం ఉంది, వాడి పట్టుదలలోనూ అర్థం ఉంది. అయితే ఇద్దరూ కంపెనీ పేరునే చూస్తున్నారు. చూడాల్సింది అక్కడ చేసే పనిని.

సుజుకీ సంగతితోనే మొదలుపెడదాం. 2020లో జోన్ మిర్ ఆ కంపెనీ బైక్ మీద ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2022 నుంచి 2026 దాకా పోటీలో ఉంటామని కంపెనీ నిర్వాహకులతో ఒప్పందం కూడా చేసుకుంది. అదే 2022 మే మొదట్లో, స్పెయిన్‌లోని హెరెజ్‌లో రేసు ముగిసిన మర్నాడు, ఏడాది చివరితో మానేస్తున్నామని జట్టు సిబ్బందికి చెప్పారు. ఆర్థిక పరిస్థితి, వాహన రంగంలో వస్తున్న పెద్ద మార్పుల మీద దృష్టి పెట్టాల్సిన అవసరం అన్నవి కంపెనీ చెప్పిన కారణాలు. ఓడిపోతున్నందుకు వెళ్లిపోయారనుకోకండి. ఆ సీజన్ ఆఖరి రేసు వలెన్సియాలో అలెక్స్ రిన్స్ గెలిచింది సుజుకీ బైక్ మీదే. అంటే గెలుపు ఉద్యోగానికి హామీ కాదు. ట్రాక్ మీద ఏం జరిగినా, నిర్ణయం జరిగేది జపాన్‌లోని హమమాట్సు ప్రధాన కార్యాలయంలో. అక్కడ లెక్కలోకి వచ్చేవి అమ్మకాలు, ఎలక్ట్రిక్ వాహనాలకు పెట్టాల్సిన డబ్బు, వాటాదారుల ప్రశ్నలు. మీ అబ్బాయికి ఈ ఒక్క విషయం బాగా అర్థం కావాలి.

ఇది కొత్తేమీ కాదు. 1957 సీజన్ ముగిశాక ఇటలీ కంపెనీలు జిలేరా, మోండియల్, మోటో గుజ్జీ కూడబలుక్కుని ఒకేసారి తప్పుకున్నాయి. హోండా 1967 తర్వాత వెళ్లిపోయి 1979లో గానీ తిరిగి రాలేదు. కవాసాకీ 2009 జనవరిలో, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్నప్పుడు, మానేస్తున్నామని ప్రకటించింది. మిగిలిన ఒక్క బైక్‌తో, పేరు మార్చుకున్న చిన్న జట్టుతో మార్కో మెలాండ్రీ ఆ ఏడాది ఫ్రాన్స్ రేసులో రెండో స్థానంలో నిలిచాడు. ఆ బృందం పడ్డ కష్టం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గౌరవం కలుగుతుంది. సుజుకీ కూడా 2011 చివర్లో ఒకసారి వెళ్లి, 2015లో వచ్చి, మళ్లీ వెళ్లింది. కంపెనీలు వస్తాయి, పోతాయి. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు దాన్ని ముందే లెక్క వేసుకోవాలి.

మరి ఆ మనుషులు ఏమయ్యారు? మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. సుజుకీ సాంకేతిక బృందాన్ని నడిపిన కెన్ కవౌచిని మరుసటి ఏడాదికే హోండా తీసుకుంది. మిర్ చాంపియన్ అయినప్పుడు అతని క్రూ చీఫ్‌గా, అంటే రైడర్ చెప్పే మాటను బైక్ సెట్టింగ్‌గా మార్చే ప్రధాన ఇంజనీరుగా ఉన్న ఫ్రాంకీ కార్చెడీ, గ్రెసీనీ జట్టుకు వెళ్లాడు. 2023లో అతని రైడర్ డి జియానాంటోనియో ఖతార్‌లో గెలిచాడు. 2024లో కార్చెడీ ఏకంగా, ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్ అయిన మార్క్ మార్కెజ్‌కే క్రూ చీఫ్ అయ్యాడు. రిన్స్ హోండా బైక్ ఎక్కి 2023లో అమెరికాలో గెలిచాడు. కంపెనీ మూతపెట్టిన పని వీళ్ల చేతుల్లో ఆగలేదు.

కానీ ఈ ముగ్గురినీ చూసి అంతా బాగానే ఉందనుకోవడం తప్పు. వీళ్లు పేరున్నవాళ్లు. ఒక జట్టులో మెకానిక్‌లు, విడిభాగాలు చూసేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు, వంటవాళ్లు కూడా ఉంటారు. జట్ల తరఫున ట్రాక్‌లు తిరిగే సిబ్బందిలో చాలామంది సీజన్ కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ఒక జట్టు మూతపడితే మిగిలిన జట్లలో అందరికీ సరిపడా ఖాళీలు ఉండవు. పైగా యూరప్‌లో ఉన్న మన పిల్లవాడికి ఉద్యోగం పోతే, దాంతోపాటు వీసా గడువు కూడా తరుముతుంది. స్పెయిన్ కుర్రాడు ఇంటికి వెళ్లి ఆరు నెలలు ఆగగలడు. లోన్ కిస్తీ నెత్తిమీద ఉన్న హిందూపురం కుర్రాడు ఆగలేడు. స్థలం అమ్మవద్దన్నది ఇందుకే.

ఈ రంగంలోకి రెండు ద్వారాలున్నాయి. ఒకటి, కంపెనీ పరిశోధన విభాగంలో పర్మనెంట్ ఉద్యోగం. రేసింగ్ ఆపేస్తే అలాంటి ఇంజనీరును రోడ్డు బైకుల విభాగానికి మార్చే వీలుంటుంది. రెండోది, కంపెనీ తరఫున రేసు జట్టును నడిపే బయటి సంస్థ. ఇది బలహీనంగా కనిపిస్తుంది గానీ ఒక్కోసారి కంపెనీ కన్నా గట్టిది. రోడ్డు బైకుల ఆధారంగా తయారైన బైకులతో జరిగే వరల్డ్ సూపర్‌బైక్ పోటీల్లో కవాసాకీ జట్టును నడిపింది బార్సిలోనా దగ్గరి ప్రొవెక్ అనే సంస్థ. 2025 నుంచి కవాసాకీ తన ప్రధాన జట్టులో సొంత బైకులు దింపడం మానేసి, తనకు వాటా ఉన్న బిమోటా బైకులకు ఇంజన్లు ఇస్తోంది. ఆ బిమోటా జట్టును నడుపుతున్నదీ ప్రొవెక్కే. మీ అబ్బాయి రేపు ఏ ఆఫర్ వచ్చినా ముందు అడగాల్సినవి: జీతం ఇచ్చేది ఎవరు, కాంట్రాక్టు ఎన్నాళ్లు, మధ్యలో ఆపేస్తే ఎన్ని నెలల నోటీసు ఇస్తారు.

ఇక ఏ పని నేర్చుకోవాలన్నది చాలా ముఖ్యం. మోటోజీపీలో 2016 నుంచి అన్ని బైకులకూ ఒకే రకం ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్), ఒకే సాఫ్ట్‌వేర్. రెండూ మాగ్నెటీ మరెల్లీవి. ఇంజన్ శక్తిని, టైరు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ను, ఇంజన్ బ్రేకింగ్‌ను నియంత్రించేది ఈ పెట్టెలోని ప్రోగ్రామే. అంటే సుజుకీ గ్యారేజీలో దాని మీద పట్టు సాధించిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు డుకాటీ గ్యారేజీలో అడుగుపెడితే బైక్ కొత్తదే గానీ పరికరం పాతదే. బైక్ మీది సెన్సర్లు పంపే సమాచారాన్ని చదివి, ఫలానా మలుపులో వెనక టైరు ఎందుకు జారుతోందో చెప్పగలిగినవాడికి ఏ జట్టులోనైనా పని ఉంటుంది. 2027లో ఇంజన్లు 1000 సీసీ నుంచి 850 సీసీకి తగ్గుతున్నాయి. ఇంధనం పూర్తిగా శిలాజేతరం, అంటే భూగర్భ చమురు నుంచి రానిది కావాలి. బైక్ ఎత్తును తగ్గించే పరికరాలకు నిషేధం. ఇన్ని మారినప్పుడు అందరూ మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాల్సిందే.

అదే నైపుణ్యానికి మన రోడ్ల మీదా గిరాకీ ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మామూలు కమ్యూటర్ బైకులోకి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, రైడ్ మోడ్‌లు వస్తున్నాయి. వీటన్నిటికీ క్యాలిబ్రేషన్ ఇంజనీర్లు, అంటే వీటిని బైక్‌కు తగ్గట్టు సరిచేసేవాళ్లు కావాలి. అందుకే మీ అబ్బాయిని పైథాన్, మ్యాట్‌ల్యాబ్, కంట్రోల్ సిస్టమ్స్, వాహన గతిశాస్త్రం మీద కూర్చోమనండి. మెకానికల్ సిలబస్‌లో ఇవి పైపైన ఉంటాయి, సొంతంగా చేసుకోవాలి. రేసింగ్ దొరక్కపోయినా ఇవి అన్నం పెడతాయి.

మన దేశంలో చూస్తే, మీ ఊరివాళ్లకు ఒక అనుకూలత ఉంది. బెంగళూరు దాటితే హోసూరు, అక్కడే టీవీఎస్. వాళ్ల రేసింగ్ విభాగం 1982 నుంచి నడుస్తోంది. అపాచీ ఆర్ఆర్ 310 బైకులతో ఆసియా స్థాయి వన్ మేక్ పోటీలు, అంటే అందరూ ఒకే మోడల్ బైక్ నడిపే పోటీలు కూడా పెడుతున్నారు. జాతీయ చాంపియన్‌షిప్ రేసులు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనూ, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనూ జరుగుతాయి. టికెట్ కొని చూసిరావడం కాదు, అక్కడి ప్రైవేటు జట్లలో వారాంతాల్లో సాయం చేసే అవకాశం అడగమనండి. టైర్లు మోయడం, లాప్ టైమ్‌లు రాయడంతో మొదలైనా ఫర్వాలేదు. ఎండలో రెండు రోజులు నిలబడ్డాక కూడా ఇదే కావాలంటే, అప్పుడు వాడి మాట నమ్మవచ్చు.

ఇక్కడ కూడా వెనక్కి తగ్గడాలు ఉన్నాయి, దాచను. మహీంద్రా 2011లో గ్రాండ్ ప్రీలోకి వెళ్లింది. 2016లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో తొలి విజయం అందుకుంది. అప్పుడు ఆ బైక్ నడిపిన బనాయా ఆ తర్వాత డుకాటీ మీద రెండుసార్లు మోటోజీపీ చాంపియన్ అయ్యాడు. మహీంద్రా మాత్రం 2017 చివర్లో మోటో3 (గ్రాండ్ ప్రీలో చిన్న ఇంజన్ల విభాగం) వదిలేసి ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసింగ్ మీద దృష్టి పెట్టింది. ఆ ఫార్ములా ఈ 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డుకే వచ్చింది, మరుసటి ఏడాది రద్దయింది. గ్రేటర్ నోయిడాలో 2023 సెప్టెంబరులో మోటోజీపీ జరిగింది, 2024లో జరగలేదు. మన దేశంలో ఈ రంగం ఇంకా ఒక ఏడాది ఉండి, ఒక ఏడాది లేకుండా పోయే దశలోనే ఉంది.

కేటీఎం సంగతి మాత్రం మీరు విన్నంత చీకటిగా లేదు. 2024 నవంబరులో ఆ కంపెనీ ఆస్ట్రియాలో దివాలా చట్టం కింద పునర్వ్యవస్థీకరణకు వెళ్లిన మాట నిజం. ఉద్యోగాలు పోయినదీ నిజం. కానీ 2025లోనూ మోటోజీపీలో కొనసాగింది, దాన్ని ఆదుకుని నియంత్రణ చేతికి తీసుకున్నది మన బజాజ్. కేటీఎం డ్యూక్‌లు ఏళ్లుగా తయారవుతున్నది పుణె దగ్గర చకన్‌లోనే. రేసింగ్ ఖర్చు కొనసాగించాలా వద్దా అన్న నిర్ణయంలో ఇప్పుడు భారతీయ కంపెనీకీ మాట ఉంది. రేపు అది ఎటు తిరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ పుణెలో పనిచేసే ఇంజనీరుకు ఆస్ట్రియా గతంలో ఉన్నంత దూరం కాదు.

చదువు విషయానికి వస్తే, ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ మంచి పేరున్నవే. కానీ అక్కడి మోటార్‌స్పోర్ట్ ప్రపంచం ఎక్కువగా కార్లది. బైకులే కావాలంటే ఇటలీ చూడండి. బొలోన్యా ప్రాంతంలో మ్యూనర్ అనే విశ్వవిద్యాలయాల కూటమి ఉంది. డుకాటీ అందులో భాగస్వామి. మోటార్‌సైకిల్ ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కాబట్టి ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ప్రాంతీయ స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. సీట్లు తక్కువ, పోటీ గట్టిది. ఇటాలియన్ కొంచెం వస్తే గ్యారేజీలో చాలా ఉపయోగం.

నా సలహా: బీటెక్ అవ్వగానే వెళ్లొద్దు. ముందు హోసూరులోనో చెన్నైలోనో పుణెలోనో రెండు మూడేళ్లు క్యాలిబ్రేషన్ లేదా టెస్టింగ్ ఉద్యోగం చేయాలి. గేట్ రాసి ఎంటెక్ చేసినా మంచిదే. ఆ తర్వాత తన సంపాదనతో, అనుభవంతో ఇటలీకి దరఖాస్తు చేస్తే అక్కడివాళ్లు చూసే చూపే వేరుగా ఉంటుంది. ఈలోగా కాలేజీలో ఫార్ములా భారత్ (విద్యార్థులే రేసు కారు తయారు చేసే పోటీ) జట్టు ఉంటే చేరాలి. లేకపోతే నలుగురు కలిసి పెట్టుకోవాలి. స్పెయిన్‌లో ఆరగాన్ ట్రాక్ మీద జరిగే, విద్యార్థులే బైక్ తయారు చేసే మోటోస్టూడెంట్ పోటీలో భారత విద్యార్థి జట్లు కూడా పాల్గొన్నాయి. ఖర్చుకు స్పాన్సర్లను వెతకడం, గడువులోగా బైక్ తయారు చేయడం ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కన్నా బలంగా నిలుస్తాయి.

వాళ్లమ్మగారికి ఒక మాట చెప్పండి. అబ్బాయి కోరుకుంటున్నది బైక్ నడిపే పని కాదు, కంప్యూటర్ ముందు కూర్చుని బైక్‌ను అర్థం చేసుకునే పని. ఆవిడ భయంలో సగం అక్కడే తగ్గుతుంది.

మీరు మాత్రం ఈ వారం వాడి దగ్గర కూర్చుని, వద్దు అన్న మాట పక్కన పెట్టి, ఇంగ్లండ్ కోర్సు ఫీజు, నెల ఖర్చు, లోన్ కిస్తీ, హోసూరులో మొదటి జీతం ఎంత ఉండవచ్చు అన్నవి వాడి చేతే కాగితం మీద రాయించండి. ఎండాకాలం సెలవుల ఇంటర్న్‌షిప్ కోసం ఇప్పుడే ఉత్తరాలు పంపాలి, మూడో సంవత్సరంలో ఆ రెండు నెలలు వదులుకుంటే మళ్లీ దొరకవు. ఉత్తరంతోపాటు పంపడానికి చిన్న ప్రాజెక్టు ఒకటి చేయమనండి. తన సొంత బైక్‌కు జీపీఎస్, యాక్సిలరోమీటర్ బిగించి, కాలేజీకి వెళ్లే దారిలో ఏ మలుపులో వేగం, వాలు ఎలా మారుతున్నాయో గ్రాఫ్‌లు గీయాలి. దానికి కొన్ని వేల రూపాయలు చాలు. ఆ డబ్బు మీరు సంతోషంగా ఇవ్వండి.