సిగార్ చేదెక్కితే పెట్టెను తిట్టకు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పోయిన నెల అంత బాగున్న సిగార్లే ఈ నెల చేదుగా, మాడు కంపుతో ఉన్నాయనీ, పెట్టె మొత్తం ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాననీ రాశావు. తొందరపడకు. ఒకే పెట్టెలోవి నెల తిరిగేసరికి అన్నీ కట్టగట్టుకుని పాడవడం అరుదు. ఒకటో రెండో సరిగ్గా చుట్టనివి ఉంటాయి, లేదా దాచిన చోట తేమ తేడా వచ్చి ఉంటుంది. అవి రెండూ కాకపోతే మారింది నీ చెయ్యో, నీ నోరో. ఏది మారిందో తేలాలంటే చేదు ఎప్పుడు తగులుతోందో చూడాలి. వెలిగించకముందేనా, మొదటి దమ్ములోనా, సగం దాటాకా, లేక ఏది వెలిగించినా మొదటి నుంచి చివరిదాకానా? నువ్వు నాలుగు పేజీలు రాశావు గానీ ఈ ఒక్క ముక్క రాయలేదు.

కొస కత్తిరించాక నిప్పు పెట్టకుండా ఒకసారి గాలి లాగి చూడు. ఆకుని బట్టి ఎండుగడ్డి, చెక్క, కోకో, ఎండుద్రాక్ష, ఏ వాసనైనా తగలొచ్చు. అమ్మోనియా ఘాటు గుప్పున ముక్కుకి కొడితే మాత్రం ఆ సిగార్ ఇంకా మాగలేదని అర్థం. పొగాకుని కుప్పలు పోసి మాగబెట్టేటప్పుడు అమ్మోనియా బయటికి పోతుంది. చుట్టే ముందు ఆకు విరిగిపోకుండా మళ్ళీ తడుపుతారు గనక ఆ మాగుడు కొంత మళ్ళీ కదులుతుంది. అందుకే శ్రద్ధ ఉన్న తయారీదార్లు చుట్టినవాటిని వారాలూ నెలలూ నిలవ ఉంచి గానీ బయటికి పంపరు. అలాంటి పచ్చిది నీ చేతికి వస్తే మూడు నాలుగు నెలలు పక్కన పడెయ్యి, చాలావరకు దారికొస్తుంది. ముక్కిపోయిన వాసన వస్తే బూజు పట్టిందేమో వెలుతురులో చూడు. వెలిగించే కొస నుంచి లోపలి ఆకుల్లోకి బూజు దిగి ఉంటే దాన్ని బాగుచెయ్యాలని చూడకు, పారెయ్యి.

దాచే విషయంలో నీకు చెప్పాల్సింది తక్కువే. తేమ 65 నుంచి 70 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే చాలు. వేడి 25 దాటి అలాగే నిలిస్తే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి, అప్పుడు పైఆకు మీద గుండుసూది పొడిచినట్టు చిల్లులు కనబడతాయి. చాలామంది తేమ తక్కువైతేనే భయపడతారు. నా లెక్కలో ఎక్కువైతేనే రుచి ఎక్కువ చెడుతుంది. చెమ్మెక్కిన ఆకు ఉబ్బి పొగ దారి ఇరుకవుతుంది, నిప్పు సరిగ్గా నిలవదు, నువ్వు బలంగా లాగుతావు, చేదు వస్తుంది. మరీ ఎండినది దీనికి వ్యతిరేకం: గబగబా, వేడిగా కాలి గొంతు గీరుతుంది. తేమ కొలిచే నీ హైగ్రోమీటర్ చెప్పే అంకెను గుడ్డిగా నమ్మకు. ఒక చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దలా తడిసేటన్ని నీళ్ళు చుక్కలుగా వేసి, హైగ్రోమీటర్‌తో కలిపి గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచు. లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. నీ హైగ్రోమీటర్ 70 చూపిస్తే అది అయిదు తక్కువ చెబుతోందన్నమాట, ఇన్నాళ్ళూ నువ్వు అయిదు ఎక్కువ తేమలో దాస్తున్నావన్నమాట.

చేదు మొదటి దమ్ముల్లోనే వచ్చి తర్వాత తగ్గిపోతే తప్పు వెలిగించడంలో ఉంది. పెట్రోలు లైటర్ వాసన ఆకులోకి ఎక్కుతుంది, బ్యూటేన్ గ్యాస్‌ది ఎక్కదు. అగ్గిపుల్ల అయితే తల భగ్గుమని కాలిపోయి, పుల్ల మాత్రమే మండేదాకా ఆగు. మంటని ఆకుకి తాకించకుండా కాస్త దూరంలో పెట్టి, సిగార్‌ని తిప్పుతూ అంచంతా సమానంగా వేడెక్కించాలి. నేరుగా మంటలో పెట్టి లాగితే కొస బొగ్గవుతుంది, ఆ బొగ్గు రుచి మొదటి అంగుళం దాకా వెంట వస్తుంది.

సగంలో మొదలయ్యే చేదుకి పదింట తొమ్మిదిసార్లు కారణం తొందర. నిమిషానికి ఒక దమ్ము, అంతకంటే వద్దు. వెంటవెంటనే లాగితే నిప్పు వేడెక్కి, ఆకులోని నూనెలూ చక్కెరలూ మెల్లగా పొగయ్యే బదులు మాడిపోతాయి. వేళ్ళకి సిగార్ వేడిగా తగిలినా, నొక్కితే మెత్తగా అనిపించినా అది నీకు హెచ్చరికే, రెండు మూడు నిమిషాలు కింద పెట్టు. మాటల్లో పడ్డప్పుడు, ఫోను చూస్తున్నప్పుడు తెలియకుండానే దమ్ములు పెరుగుతాయి. గాలి వీచే చోట కూర్చున్నా అంతే, నువ్వు లాగకపోయినా గాలి లాగేస్తుంది, పైగా ఒక పక్కే కాలిపోతుంది.

ఈ సగం చేదుకి ఒక చిట్కా ఉంది, పని చేస్తుంది. సిగార్ నోట్లో పెట్టుకుని లాగే బదులు మెల్లగా, నిలకడగా బయటికి ఊదు. లోపల నిలిచిపోయిన పాత పొగ పోతుంది. ఆరిపోయినదాన్ని మళ్ళీ వెలిగించేటప్పుడైతే ముందు బూడిద దులిపి, వెలిగించగానే ఇలా ఊది, ఆ తర్వాతే లాగాలి. ఆరి గంట దాటితే వదిలెయ్యి. నోట్లో పెట్టుకునే కొస దగ్గర జిగురుగా నల్లటి తడి చేరిందంటే పొగలోని తారు అక్కడ పేరుకుంది, కట్టర్‌తో ఇంకొంచెం తెగ్గోస్తే బాగుపడుతుంది. కొస తెగ్గొయ్యకుండా దానికి చిన్న రంధ్రం మాత్రం పెట్టి తాగేవాళ్ళకి ఈ బాధ ఎక్కువ, పొగంతా ఒకే చోట నాలుక మీద పడుతుంది గనక. ఇక చివరి మూడో వంతు ఘాటుగా ఉండడం తప్పు కాదు. అప్పటిదాకా వచ్చిన పొగలోని తారూ నికోటినూ ముందున్న ఆకులోనే పట్టి ఉంటాయి, నిప్పు అక్కడికి చేరేసరికి అవి కూడా నీకే వస్తాయి. డబ్బు పెట్టాం కదా అని పెదవులు కాలేదాకా లాగేవాళ్ళు ఉన్నారు. రుచి పోయిన చోటే ఆపెయ్యడం మేలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఏది వెలిగించినా ఒకేలా చేదుగా, లేదా చప్పగా ఉంటే సిగార్‌ని వదిలేసి నోటిని చూసుకో. నీ ఉత్తరం చదివితే నాకు అనుమానం ఇక్కడే. 'అన్నీ ఒకే రుచిగా ఉన్నాయి' అని రెండుసార్లు రాశావు. ఆకు చెడితే ఒక్కోటి ఒక్కో రకంగా చెడుతుంది.

మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు పులుసులో ఉండే ఉమామి, నాలుక పట్టేవి ఈ అయిదే. కోకో, తోలు, మిరియం, గింజలు అంటూ మనం చెప్పుకునేవన్నీ నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనలు. అందుకే జలుబు చేస్తే చేదొక్కటే మిగులుతుంది, మిగతాదంతా మాయమవుతుంది. ముక్కు మూసుకుపోయిన వారంలో మంచి సిగార్ వెలిగించడం దండగ. చేదుని నాలుక వెనక భాగమే పడుతుందని, పొగని ముందే ఉంచుకోమని నీకెవరో చెప్పారన్నావే, అది నమ్మకు. నాలుకని వాటాలు వేసిన ఆ బొమ్మ 1901లో ఒక జర్మన్ శాస్త్రవేత్త రాసినదాన్ని తర్వాతివాళ్ళు తప్పుగా చదవడం వల్ల పుట్టింది. రుచి మొగ్గలు ఉన్న ప్రతి చోటా అయిదు రుచులూ తెలుస్తాయి.

నోరు చెడడానికి రోజువారీ కారణాలు చూడు. పళ్ళు తోముకున్న వెంటనే వెలిగిస్తావా? పేస్టులో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ తీపిని అణిచి చేదుని పైకి తెస్తుంది, తోముకున్నాక నారింజ రసం ఎందుకు అలా ఉంటుందో ఆలోచించు. కనీసం గంట ఆగు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ రుచిని కొన్నాళ్ళ పాటు తారుమారు చేస్తుంది. మెట్రోనిడజోల్, క్లారిత్రోమైసిన్ వంటి మందులు నోట్లో ఇనుప రుచి తెస్తాయి, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి. మందులు ఆపమని కాదు, ఆ రోజుల్లో సిగార్ ఆపు. కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నేవాళ్ళకి పొద్దున్న లేవగానే గొంతులో చేదు ఉంటుంది, పొగాకు దాన్ని ఇంకా పెంచుతుంది. అన్నిటికంటే మామూలు కారణం నోరు ఎండిపోవడం. రుచి పదార్థం లాలాజలంలో కరిగితేనే నాలుకకి తెలుస్తుంది. మద్యం, ఎక్కువ కాఫీ, నోటితో ఊపిరి తీసుకోవడం, నీళ్ళు తాగకపోవడం, అన్నీ కలిసి ఆ తడిని తీసేస్తాయి. సిగార్ పక్కన విస్కీ పెట్టుకోవడం గొప్పగా ఉంటుందని నువ్వు అనుకుంటున్నావు. మొదటి గుక్క దాకా నిజమే, తర్వాత రెండిటి రుచీ తెలియదు.

మరి నోటిని తేటపరచడం ఎలా అన్నావు. ఘాటైన దానితో కడిగితే శుభ్రమవుతుందనుకుని చాలామంది పుదీనా బిళ్ళలూ చూయింగ్ గమ్మూ నములుతారు. మెంథాల్ నోటిని కడగదు, చల్లదనం తెలిపే నరాలని రెచ్చగొట్టి మిగతావాటిని కప్పేస్తుంది. కారం తిన్నా అంతే, మంట తగ్గేదాకా సన్న రుచులు పట్టవు. ముందు గది వేడిలో ఉన్న మంచినీళ్ళు పుక్కిలించి మింగు. తర్వాత ఉప్పూ వెన్నా లేని బ్రెడ్డు ముక్క మెల్లగా నమిలితే నాలుక మీది జిడ్డుని అది పట్టుకుపోతుంది. ఆపైన చక్కెర లేని సోడా నీళ్ళు రెండు గుక్కలు, లేదా ఆపిల్ ముక్క ఒకటి. ఆ కొద్ది పులుపుకి లాలాజలం ఊరుతుంది, మనకి కావలసింది అదే. నిమ్మకాయ పిండుకుని తాగకు, పులుపు మిగిలిపోయి పొగ లోహంలా తగులుతుంది. గొంతు గీరుకుపోయి ఉంటే వెన్న తియ్యని పాలు అరగ్లాసు తాగి, పావుగంట ఆగు. నాలుక మీద పాచి ఉంటే గీకేసుకో, కానీ రక్తం వచ్చేలా కాదు.

ముక్కు సంగతి వేరు. ఒకే వాసనలో కూర్చుంటే కాసేపటికి ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మూసిన గదిలో తాగితే సగం నుంచి ఏమీ తెలియనిది అందుకే. బయటికి వెళ్ళి శుభ్రమైన గాలి పీల్చడానికి మించిన మందు లేదు. కాఫీ గింజలు వాసన చూడమంటారు, అది ఇంకో వాసన చేర్చడమే. ఒకే రోజు రెండు తాగక తప్పదనుకుంటే తేలికది ముందు, ఘాటుది తర్వాత. ఖాళీ కడుపుతో వద్దు, తల తిరిగి వికారం పుట్టేది అప్పుడే. అది నికోటిన్ దెబ్బ, వెంటనే ఆపి కూర్చో.

ఇవన్నీ ఒక పూటకి పనికొచ్చేవి. నాలుక అలిసిపోతే మాత్రం సెలవు తప్ప మందు లేదు. రుచి మొగ్గల్లోని కణాలు సుమారు పది రోజులకోసారి కొత్తవి వస్తాయి. రోజూ పొగ తగిలే నోటికి ఆ కొత్తవి కూడా కోలుకునే సందు ఉండదు. నువ్వు వారానికి ఒకటి నుంచి రోజుకి ఒకటికి వచ్చావని మీ అమ్మ చెప్పింది. నీ పెట్టెకి జబ్బు ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

కోప్పడతావేమో గానీ ఇంకో మాట చెప్పాలి. ఊపిరితిత్తుల్లోకి పీల్చడం లేదు గనక పరవాలేదని నీ వాదన. సిగార్ పొగ క్షారంగా ఉంటుంది, అందులోని నికోటిన్ నోటి చర్మం నుంచే రక్తంలోకి ఎక్కుతుంది. పెద్ద సిగార్‌లో 5 నుంచి 20 గ్రాముల పొగాకు ఉంటుంది, సిగరెట్‌లో ఒక గ్రాము కూడా ఉండదు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు పీల్చనివాళ్ళకీ వస్తాయి. కాబట్టి నేను చెప్పిన పుక్కిలింతలు మరొకటి వెలిగించడానికి వాడుకోకు. ఈ వారంలోనే అద్దం ముందు నోరు తెరిచి అంగుడు చూసుకో. తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు కనబడితే అది పొగ వేడికి వచ్చే మార్పు. నోట్లో ఎక్కడైనా పుండో, తెల్ల మచ్చో, ఎర్ర మచ్చో రెండు వారాలు దాటినా మానకపోతే సిగార్ల గురించి నాకు రాయడం ఆపి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. రుచి పోవడం చాలా వారాలు సాగినా అంతే.

అదేమీ లేకపోతే ఇలా చెయ్యి. పెట్టెని మూసి, పైన చెప్పిన ఉప్పు పరీక్ష చేసి, రెండు వారాలు దాని జోలికి పోకు. తర్వాత ఒక సాయంత్రం, కారం తక్కువ భోజనం చేసిన గంటకి, పక్కన నీళ్ళు తప్ప ఏమీ పెట్టుకోకుండా అందులోంచి ఒకటి వెలిగించు. ఫోను లోపల వదిలెయ్యి. బాగుంటే పెట్టె నీ దగ్గరే ఉంచుకో, రోజుకొకటి మానెయ్యి. అప్పటికీ చేదుగా ఉంటే ఆ పెట్టెలోంచి రెండు నాకు పంపు, చూసి చెబుతాను. చేదు ఎన్నో నిమిషంలో తగిలిందో ఈసారైనా రాయి.

అమ్మని అడిగానని చెప్పు.

నీ
మామయ్య